కుట్టింది ఏ ‘నరం’?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఆచంట దగ్గరి పల్లె. సార్వా కోతలప్పుడు వానకు చేను పడిపోయి యంత్రం దిగకపోవడంతో కొడవళ్లతో కోస్తుండగా మా ఆయనకు (38 ఏళ్లు) ఎడమ మణికట్టు లోపలివైపు, చిటికెన వేలి పక్కగా లోతుగా తెగింది. రక్తం చాలా పోయింది. దగ్గరి పట్టణంలో ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ రాత్రే కుట్లు వేసి, ‘నరం తెగింది, కుట్టేశాం, ఆరు నెలల్లో అదే సర్దుకుంటుంది’ అన్నారు. ఇప్పటికి మూడున్నర నెలలైంది. గాయం మానింది గాని చిటికెన వేలు, ఉంగరపు వేలు కొక్కెంలా వంగిపోయాయి. స్పర్శ లేదు. మొన్న టీ గ్లాసు పట్టుకుంటే చిటికెన వేలు బొబ్బెక్కినా ఆయనకు తెలియలేదు. బండి క్లచ్ నొక్కలేకపోతున్నారు. చేతి వెనక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. మందుల షాపులో బలం మాత్రలిచ్చారు. పక్క ఊళ్లో కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్దామని మా మామగారంటున్నారు. ఆరు నెలలూ ఆగాలా? ఇంకో మాట: నేను లేసు అల్లుతాను. రెండు నెలలుగా రాత్రిళ్లు నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. ఇదీ నరమేనా? — ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

ఆరు నెలలు నిండేదాకా ఆగవద్దు. వచ్చే రెండు వారాల్లోపు మీ వారిని చేతి శస్త్రచికిత్సలో అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్‌కు గాని, ఎముకల సర్జన్‌కు గాని చూపించండి. ఇప్పటికే మూడున్నర నెలలు పోయాయని బెంబేలు పడవలసిన పని లేదు, గడువు ఇంకా ఉంది. అయితే అది ఊరికే కూర్చుని గడిపేసేంత గడువు కాదు. రేపు డాక్టరు ఎదుట మీరేమి అడగాలో మీకు ముందే తెలిసి ఉండాలి కనుక కొంచెం విపులంగానే రాస్తున్నాను.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది ‘నరం కుట్టేశాం’ అన్న మాట దగ్గర. మనవాళ్లు నరం అనని వస్తువు ఒంట్లో తక్కువ. సెలైను పెట్టే నర్సు ‘నరం దొరకడం లేదు’ అంటే అది రక్తనాళం. పిక్క పట్టుకుని ‘నరం మీద నరం ఎక్కింది’ అంటే అది కండరం. పిడికిలి బిగించినప్పుడు మణికట్టు మీద తాళ్లలా లేచేవాటినీ నరాలే అంటాం, అవి నిజానికి కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు. వెన్నుపాము నుంచి బయలుదేరి కండరానికి ఆజ్ఞ మోసుకెళ్లి, చర్మం నుంచి స్పర్శను తిరిగి మోసుకొచ్చే అసలు నాడి కూడా మన నోట్లో నరమే. మామూలు రోజుల్లో ఈ కలగాపులగం వల్ల ఎవరికీ నష్టం లేదు. మీ వారి విషయంలో మాత్రం ఉంది, ఎందుకంటే కొడవలి దిగిన చోట రక్తనాళం, టెండన్, నాడి అనే మూడు రకాల ‘నరాలూ’ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి.

మీ చేతి మీదే చూసుకోండి. అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు గీత మీద చిటికెన వేలి వైపు చివర నొక్కితే బఠాణీ గింజంత ఎముక ఒకటి తగులుతుంది. మోచేతి వైపు నుంచి వచ్చి దానికి అతుక్కునే గట్టి తాడు ఒక టెండన్. దానికి లోపలగా, బొటనవేలి వైపు జరిగితే చిటికెన వేలికి వెళ్లే అల్నార్ నాడి, ఆ నాడిని ఆనుకుని అల్నార్ ధమని ఉంటాయి. మూడూ కలిసి వేలెడు వెడల్పులో ఇమిడిపోతాయి. రక్తం చాలా పోయిందని రాశారు గనుక ధమని తెగి ఉండవచ్చు. ఆ రాత్రి డాక్టరు ధమనిని కట్టి రక్తం ఆపి, టెండన్‌ను కలిపి కుట్టి, ‘నరం కుట్టాం’ అని చెప్పి ఉంటే అందులో అబద్ధమేమీ లేదు, కాని నాడి సంగతి అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. లేదా నాడినే కుట్టి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందన్నదాని మీదే ఇక ముందు చేయవలసినదంతా ఆధారపడి ఉంది. అందుచేత మొదటి పని ఆ ఆసుపత్రికి వెళ్లి డిశ్చార్జి కాగితంతో పాటు ఆపరేషన్ నోట్స్ నకలు అడిగి తెచ్చుకోవడం. అల్నార్ నర్వ్ తెగిందా, తెగితే కుట్టారా, మైక్రోస్కోపు గాని భూతద్దం కళ్లజోడు గాని పెట్టుకుని కుట్టారా అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబు దొరకాలి. నాడిని కుట్టే దారం తల వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది, ఉత్త కంటితో కుదిరే పని కాదు.

ఆ రాత్రి చూసిన డాక్టరును నేను తప్పుపట్టడం లేదు. ఈ గాయం ఎంత తేలికగా కన్నుగప్పుతుందో తెలుసు కనుక చెబుతున్నాను. వేళ్లు ముడవమంటే మీ వారు ముడిచే ఉంటారు. వేళ్లను ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి, వాటికి వెళ్లే నాడీ కొమ్మలు గాయానికి చాలా పైననే విడిపోతాయి, అందువల్ల మణికట్టు దగ్గర అల్నార్ నాడి పూర్తిగా తెగినా పిడికిలి పడుతుంది. చేతి వెనక చిటికెన వైపు చర్మానికి వెళ్లే కొమ్మ కూడా మణికట్టుకు పైనే చీలిపోతుంది కనుక అక్కడ గిల్లితే తెలుస్తుంది. చూసినవారు ‘కదలిక ఉంది, స్పర్శ ఉంది’ అనుకుని పంపేస్తారు. చచ్చుబడేవి అరచేతిలోని చిన్న కండరాలు. వేళ్లను ఎడంగా చాపేది, దగ్గరకు చేర్చేది, పిడికీళ్లను (వేళ్లు అరచేతితో కలిసే కణుపులను) వంచి వేళ్ల చివరలను నిలబెట్టేది అవే. అవి లేకపోయినా తేడా వెంటనే కంటికి కనబడకపోవచ్చు, నెలల మీద చెయ్యి గద్దగోరులా తిరుగుతుంది. మీరు రాసిన గుంట కూడా బొటనవేలి పక్కనున్న అలాంటి కండరం చిక్కిపోవడం వల్ల పడినదే.

ఒక చిన్న పరీక్ష మీ ఇంట్లోనే చేయవచ్చు. పాత దినపత్రిక ముక్కను రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య పట్టుకుని రెండు వైపులా లాగమనండి. మంచి చెయ్యి బొటనవేలు నిటారుగా ఉండి కాగితాన్ని అదిమి పట్టుకుంటుంది. దెబ్బతిన్న చెయ్యి బొటనవేలు కణుపు దగ్గర ముడుచుకుపోయి, గోరు కొనతో పట్టుకునే ప్రయత్నం చేస్తుంది, లేదా కాగితం జారిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, ఫ్రాన్సు వైద్యుడు జూల్ ఫ్రోమాన్ వార్తాపత్రికతోనే ఈ గుర్తును చూపించారు. ఇప్పటికీ అల్నార్ నాడిని చూసే డాక్టర్లు చేసే పరీక్షల్లో ఇదొకటి. ఇంకొకటి నీళ్ల పరీక్ష. ఊడ్పుల్లో నానిన ఆడవాళ్ల వేళ్లు ఎలా ముడతలు పడతాయో మీకు తెలియనిది కాదు. ఆ ముడతలు నాడి ఉంటేనే వస్తాయి. గోరువెచ్చని నీళ్లలో అరగంట చెయ్యి ఉంచితే బొటనవేలు, చూపుడువేలు నానిపోయి, చిటికెన వేలు నున్నగా ఉండిపోతే ఆ వేలికి నాడి అందడం లేదని అనుకోవచ్చు. నీళ్ల వేడిని మాత్రం మీరు చూడండి, ఆయన ఎడమ చేతితో చూడనివ్వకండి.

ఈ రెండూ నాడి దెబ్బతిన్నదని చెబుతాయి గాని, కోలుకుంటోందా లేదా అన్నది చెప్పవు. దానికి లెక్క వేరే ఉంది. తెగిన నాడిలో గాయానికి కింది భాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నాడులను తెంచి చూపించింది ఇదే. లోపలి తీగలు పోయినా వాటి గొట్టాలు మిగిలి ఉంటాయి. నీళ్లు కట్టేసినప్పుడు కాలువ ఎండినా గట్లు ఉన్నట్టే అనుకోండి. పై నుంచి కొత్త తీగలు మొలిచి ఆ గట్ల మధ్య దారి పట్టి వస్తాయి. తెగిన రెండు కొసలనూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి కుట్టినప్పుడే ఈ రాక సాగుతుంది. కొసలు ఎడమైతే గండి పడినచోట నీరు చేలో పరుచుకున్నట్టు, తీగలన్నీ గాయం దగ్గరే ఉండకట్టి, ముట్టుకుంటే జివ్వుమనే గడ్డగా మిగులుతాయి.

కొత్త తీగ పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, మొదట్లో సర్దుకోవడానికి మూడు నాలుగు వారాలు పోతాయి. మీ వారికి 105 రోజులైంది. తొలి నెల తీసేస్తే మిగిలింది 75 రోజులు, అంటే ఏడెనిమిది సెంటీమీటర్ల ప్రయాణం. నాడిని నిజంగా కుట్టి ఉంటే, అది సవ్యంగా పెరుగుతూ ఉంటే, పెరుగుతున్న కొస ఈపాటికి మణికట్టు దాటి చిటికెన వేలి మొదలు దరిదాపులకు వచ్చి ఉండాలి. వేలి కొనతో గాయం మచ్చ నుంచి అరచేతి మీదుగా చిటికెన వేలి వైపు మెల్లగా తట్టుకుంటూ పోతే, ఆ కొస ఉన్నచోట చీమలు పాకినట్టు చిటికెన వేలిలోకి జుమ్మంటుంది. ఇది కూడా 1915లోనే వెలువడిన గుర్తు, జూల్ టినెల్ పేరుతో వాడుకలో ఉంది. ఆ జుమ్మనడం అరచేతిలోకి దిగి ఉంటే శుభసూచన, నెలకు మూడు సెంటీమీటర్ల చొప్పున ముందుకు జరుగుతోందేమో పెన్నుతో గుర్తు పెట్టుకుని చూడవచ్చు. మచ్చ మీదే ఆగి, అక్కడ మాత్రమే జివ్వుమంటుంటే నాడి కలవలేదనే అనుమానించాలి. అరచేతిలోకి వచ్చినంత మాత్రాన కండరం తప్పక లేస్తుందనీ చెప్పలేము, అందుకే నాడుల పరీక్ష కావాలి. ఎన్‌సీఎస్, ఈఎంజీ అని రాస్తారు. దెబ్బ తగిలిన మూడు వారాలలోపు చేస్తే అవి సరైన సమాచారం ఇవ్వవు. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది కనుక ఇప్పుడు చేయించడానికి అడ్డేమీ లేదు. నాడిని చూడడం తెలిసిన రేడియాలజిస్టు దొరికితే మచ్చ దగ్గర అల్ట్రాసౌండ్ కూడా మేలు, కొసలు కలిసి ఉన్నాయా ఎడంగా ఉన్నాయా అన్నది తెరమీదే కనబడుతుంది.

‘అదే సర్దుకుంటుంది’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, అది వట్టి ఊకదంపుడు కాదు. తాగిన మత్తులో నవారు మంచం పట్టె మీద చెయ్యి వేలాడేసి పడుకున్నవాడికి తెల్లవారేసరికి మణికట్టు వాలిపోవడం మీరూ చూసే ఉంటారు. అది దండచేతి వెనకగా పోయే రేడియల్ నాడి నలగడం. చాలామందికి వారాల్లో, కొందరికి మూడు నాలుగు నెలల్లో దానంతట అదే తిరిగి వస్తుంది. 1943లో బ్రిటిష్ సర్జన్ హెర్బర్ట్ సెడన్ నాడీ గాయాలను మూడు తరగతులుగా విడదీశారు: నాడి తాత్కాలికంగా మూగబోవడం, తొడుగు నిలిచి లోపలి తీగలు మాత్రం తెగడం, మొత్తం తెగిపోవడం. మొదటి రెండింటికీ ఆగి చూడడం సరైన వైద్యమే. మూడోదానికి ఆగడం వైద్యం కాదు. పదునైన కొడవలి, కత్తి, గాజుపెంకు వంటివాటితో తెగి, ఆ కింద స్పర్శ పోయిందంటే అది మూడో తరగతే అనుకుని తెరిచి చూడాలన్నది చేతి సర్జన్ల మాట. వీలైతే మొదటి కొద్ది రోజుల్లోనే ఆ పని జరగాలి.

గడువు ఎందుకంటే, నాడి అందని కండరం ఎల్లకాలం కాచుకుని ఉండదు. ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి అది నాడిని తిరిగి అందుకునే గుణం పోగొట్టుకుని కొవ్వుగా, నారగా మారిపోతుంది. తీగ నడిచి వచ్చే నెలలను కూడా ఆ ఏడాదిలోనే సర్దుకోవాలి కనుక, ఆరు నెలలలోపు నాడిని కలిపినవారికి ఫలితం మెరుగ్గా ఉంటుంది. మీ వారికి ఒక అదృష్టం ఏమిటంటే గాయం మణికట్టు దగ్గర ఉంది, కండరానికి దూరం తక్కువ. ఇదే నాడి భుజం దగ్గర తెగి ఉంటే ఈ ఆశ పెట్టేవాడిని కాదు.

నాడి కలవలేదని తేలితే మళ్లీ తెరిచి, చెడిన కొసలను ఆరోగ్యమైన చోటుదాకా కోసి కలుపుతారు. ఇన్ని నెలల తరవాత కొసలు సాధారణంగా దగ్గరకు రావు, లాగి కుడితే నిలవదు. అందుకని పిక్క వెనక నుంచి స్పర్శకు మాత్రమే పనికివచ్చే ఒక నాడిని తీసి మధ్యలో వంతెనగా వేస్తారు, పాదం బయటి అంచు కొంత మొద్దుబారుతుంది, నడకకు లోపం రాదు. సమయం మించిపోయినవారికి కూడా దారి మూసుకుపోలేదు. పనిచేసే కండరం తాలూకు టెండన్‌ను దారి మళ్లించి, వంగిన వేళ్లను నిలబెట్టే శస్త్రచికిత్స ఉంది. డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరులో కుష్ఠు రోగుల వంగిన చేతుల మీద ఈ విద్యను తీర్చిదిద్దారు, ఆ చేతుల్లో చెడింది కూడా ఎక్కువగా ఈ అల్నార్ నాడే. (ఏ గాయమూ లేకుండా ఎవరికైనా చిటికెన వేలు మొద్దుబారి వంగుతుంటే, మోచేతి లోపలివైపు నాడి తాడులా లావుగా తగులుతుంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. మందులు ఉచితం, దాచుకుంటేనే చెయ్యి పోతుంది.)

ఎంతవరకు బాగవుతుందని మీరు అడగలేదు గాని అడుగుతారు. అల్నార్ నాడి పెద్దవాళ్లలో పూర్తిగా పూర్వస్థితికి రావడం అరుదు. కాలితే తెలిసేంత స్పర్శ, పట్టులో కొంత బలం వస్తే మంచి ఫలితమనే లెక్క. చలికాలపు పొద్దుల్లో ఆ వేళ్లు నొప్పి పెట్టడం కొన్నేళ్లు ఉండవచ్చు. బీడీ అలవాటు ఉంటే మానిపించండి, పొగ వల్ల చేతికి రక్తం తగ్గి నాడి కోలుకోవడం మందగిస్తుంది.

కట్లు కట్టే ఆయన దగ్గరికి వద్దు. మామగారికి మర్యాదగానే చెప్పండి, తెగిన నాడి కట్టుతో అతకదు, నూనె తోమితే పెరగదు, పైగా స్పర్శ లేని చేతికి బిగుతు కట్టు కడితే లోపల రక్తం ఆగి కండరం చచ్చిపోతున్నా నొప్పి సరిగా తెలియక బయటపడదు. మందుల షాపువారిచ్చిన బలం మాత్రలు బి12వి అయితే, అవి ఒంట్లో ఆ విటమిన్ లోపం ఉన్నవారికి పనికివస్తాయి, తెగిన నాడిని కలపవు. కరెంటు పెట్టించడం మీద డబ్బు పోయవద్దు.

డబ్బు, శ్రద్ధ పెట్టవలసింది కీళ్ల మీద. నాడి ఏడాదికి తిరిగి వచ్చినా, ఈలోగా వేళ్ల కీళ్లు వంగినచోటే బిగుసుకుపోతే దాని రాక వృథా. ఫిజియోథెరపిస్టు చేత ఆ రెండు వేళ్ల పిడికీళ్లను వంచి ఉంచే చిన్న స్ప్లింట్ (చేతికి తొడిగే ఆసరా పట్టీ) చేయించండి. దాన్ని పెట్టుకుంటే చిత్రంగా వేళ్ల చివరలు వాటంతట అవే చాపుకుంటాయి. అది వచ్చేలోపు రోజుకు నాలుగైదు సార్లు కుడిచేత్తో ఎడమ పిడికీళ్లను వంచి పట్టుకుని, ఒక్కో వేలినీ నిదానంగా పదిసార్లు పూర్తిగా చాపించండి. టీ గ్లాసు, అన్నం గిన్నె, పొయ్యి దగ్గర పట్టకారు, ఎండలో నిలిచిన బండి సైలెన్సర్ వంటివి ఎడమ చేతికి తగలనివ్వకండి. దాళ్వా చేలో పని తప్పకపోతే గుడ్డ చేతితొడుగు వేసుకోవాలి. రోజూ దీపం పెట్టే వేళ ఆ చెయ్యి ముందు వెనకలు మీరే చూడండి, ముల్లు గుచ్చుకున్నా బొబ్బ లేచినా ఆయనకు తెలియదు. నాడి లేని చర్మానికి చెమట పట్టదు, ఎండి పగులుతుంది. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి తడి ఆరకముందే కొబ్బరినూనె రాస్తే చాలు.

కాకినాడ, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం బోధనాసుపత్రుల్లో మీకు ఏది వీలైతే అక్కడికి వెళ్లండి. వెళ్లేముందు ప్లాస్టిక్ సర్జరీ ఓపీ ఏ రోజో కనుక్కోండి. బియ్యం కార్డు, ఆధార్, ఆపరేషన్ నోట్స్ పట్టుకెళ్లి, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో అక్కడి ఆ పథకం సహాయకులను ముందుగా అడగండి.

ఇక మీ చెయ్యి. అదీ నాడే, కాని వేరే నాడి, తెగినది కాదు, నలుగుతున్నది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మీడియన్ నాడి పాలు. మణికట్టు మధ్యన ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ నడుమ ఇరుకు సందులోంచి అది తొమ్మిది టెండన్లతో కలిసి పోతుంది. గంటల తరబడి మణికట్టు వంచి క్రోషే సూది తిప్పేవారికి అక్కడ ఒత్తిడి పెరగవచ్చు, రాత్రి మణికట్టు ముడుచుకుని పడుకున్నప్పుడు మరింత పెరిగి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ మందుల షాపులో దొరుకుతుంది, ఆరు వారాలు రాత్రిపూట పెట్టుకుని చూడండి. అరగంటకొకసారి సూది పక్కన పెట్టండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, ఆ రెండింటిలో ఏది ఉన్నా ఈ తిమ్మిరి రావచ్చు. బొటనవేలి మొదలున ఉన్న కండ పల్చబడినా, సూది చేతిలోంచి జారుతున్నా స్ప్లింట్‌తో కాలక్షేపం చేయవద్దు. మీ వారిని తీసుకెళ్లే రోజునే ఓపీ చీట్లు రెండు రాయించండి, ఒకటి మీ పేర.